ట్రైలర్ ఉందని తెలియని బండి

లెన్ ట్రెంబాత్‌కి కెర్రిన్ అంటే కుళ్ళు. ఇందులో దాచేదేమీ లేదు, సముద్రపు ఒడ్డున మా వాలరూ ఊళ్ళో పీతలక్కూడా తెలిసిన సంగతే. అడిగితే మాత్రం చచ్చినా ఒప్పుకోడు. "నాకేం కుళ్ళురా? ఆ పిల్లకి టెస్ట్ ల్యాంపు ఎటు పట్టుకోవాలో నేర్పిందే నేను" అంటాడు. అనేసి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, వీధికి అవతల ఆమె షెడ్డు ముందు ఇవాళ ఎన్ని బండ్లు ఉన్నాయో లెక్కపెట్టుకుంటాడు. మూడుంటే మొహం మామూలుగానే ఉంటుంది. అయిదుంటే చేతిలో టీ చల్లారిపోతుంది. ఏడుంటే ఆ రోజు భార్య గ్లెనిస్ అతని జోలికి పోదు.

లెన్‌ది బండ్లకి కరెంటు పని. వాళ్ళ నాన్న జెట్టీ మీద గోధుమలు ఓడలకెక్కించి నడుం విరగ్గొట్టుకున్నవాడు. కొడుకు నడుమైనా బాగుండాలని పదిహేనో ఏటే వైర్ల పనిలో పెట్టాడు. లెన్ చేతిలో ఏదో ఉంది మరి, ముప్పై నిండకుండానే సొంత షెడ్డు పెట్టాడు. మా ఊళ్ళో ఇంటికో పడవ ఉంటుంది. పడవంటే ట్రైలరు, ట్రైలరంటే దాన్ని తగిలించడానికి బండి వెనక టోబారు, ఆ టోబారు పక్కన ఒక ప్లగ్గు. ముందు బండిలో బ్రేకు తొక్కితే వెనక ట్రైలరు లైటు కూడా వెలగాలి. ఆ వెలిగించే చెయ్యి లెన్‌ది. వెనక లైటు దగ్గర చెయ్యి పెట్టి ఏ వైరు ఏమిటో చూడకుండా చెప్పేవాడు. పైతొక్క తీసి, ట్రైలరు వైరు చుట్టి, సోల్డరు పెట్టి టేపు వేశాడంటే ఇరవై ఏళ్ళు దాని మొహం చూడక్కర్లేదు.

షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో అడుగు ఎత్తు అక్షరాలు రాయించాడు: "నీళ్ళలోకి దింపే ముందు ప్లగ్గు పీకండి." వేడెక్కిన బల్బు చల్లటి సముద్రపు నీళ్ళలో మునిగితే పగులుతుంది, ఉప్పునీరు వైరెక్కి పైన ఫ్యూజు తినేస్తుంది. ఊరు ఊరంతా ఆ మాట పాటించింది. పడవ దింపే చోట ఎవడైనా ప్లగ్గు పీకడం మరిచిపోతే, వెనక వరసలోంచి నలుగురు ఒక్కసారే అరుస్తారు. అదీ మా లెన్ మాటకున్న విలువ.

కెర్రిన్ అతని దగ్గర పదకొండేళ్ళు పని చేసింది. గట్టి పిల్ల. అతన్ని "బాస్" అనేది, ఇప్పటికీ అంటుంది. ఈలోగా బండ్లు మారిపోయాయి. వైర్లు తగ్గి కంప్యూటర్లు ఎక్కువయ్యాయి. ఒకరోజు ఆమె అంది, "బాస్, మనం కూడా ఆ కోడింగ్ మిషను కొనాలి. ఇప్పటి బండ్లకి వైరు కోసి అతికిస్తే కుదరదు. ఏ బండికి చేసిన వైర్ల కిట్టు ఆ బండికే పెట్టి, వెనక ట్రైలరుందని బండికి చెప్పాలి."

"బండికి చెప్పడమేంటే? అదేమన్నా నా పెళ్ళామా, ప్రతిదీ చెప్పి చెయ్యడానికి?" అన్నాడు లెన్. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. కెర్రిన్ కూడా నవ్వింది. తర్వాత ఇంకో రెండుసార్లు అడిగింది. నాలుగోసారి అడగలేదు. ఎదురుగా టైర్ల కొట్టు ఖాళీ అయితే దాన్ని అద్దెకి తీసుకుని తన బోర్డు పెట్టుకుంది.

ఎదురుగానే! ఊళ్ళో ఇంక చోటే లేనట్టు! లెన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆమె షెడ్డు తెరిచిన రోజు అందరికీ సాసేజులు కాల్చి పెట్టింది. ఊరంతా వెళ్ళింది, లెన్ వెళ్ళలేదు. తలుపేసుకుని లోపల కూర్చుని ఆ వాసన పీల్చాడు. ఇంటికెళ్ళాక చూస్తే గ్లెనిస్ జేబురుమాలు మీద టమాటా సాసు మరక ఉంది. ఆ మరక గురించి రెండు రోజులు గొడవ.

అప్పటినుంచి నాలుగేళ్ళుగా ఇదే ఏడుపు. ఆమె బోర్డు మీద అక్షరాలు వంకరగా ఉన్నాయంటాడు. ఆమె నేల మీద నూనె చుక్క ఉండదు కాబట్టి పని జరగడం లేదంటాడు. అతని ముసలి కుక్క బిస్కట్ కూడా పదింటికల్లా వీధి దాటి, ఆమె తినే మాంసం కూరిన పాస్టీ అంచు కోసం వెళ్ళి కూర్చుంటుంది. "విశ్వాసం లేని ముండ" అని తిడతాడు దాన్ని. అన్నిటికన్నా అతన్ని కాల్చుకు తినేది ఇంకొకటి. పొద్దున షట్టరు ఎత్తగానే కెర్రిన్ వీధి వైపు తిరిగి చెయ్యి ఊపుతుంది, నవ్వుతూ. "చూడు, ఎలా ఊపుతుందో, వచ్చిపోయే వాళ్ళందర్నీ లోపలికి లాక్కోడానికి!" అని పళ్ళు నూరుకుంటాడు.

ఎవరెటు పోయినా లెన్‌కి ఒక ధైర్యం ఉండేది. రెక్స్ ఉన్నాడు. రెక్స్ ఓల్డ్స్ బడిలో పక్క బల్ల వాడు, చాలా ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. ముప్పై ఏళ్ళ పైనుంచి ప్రతి శనివారం ఇద్దరూ రెక్స్ పడవలో వైటింగ్ చేపలకి వెళ్తారు. రెక్స్ కొన్న ప్రతి బండికీ వైరింగు లెన్‌దే. ఆ రెక్స్ ఈ మధ్య కొత్త బండి కొన్నాడు. పాతది మధ్యదారిలో ప్రాణం వదిలితే తప్పక కొన్నాడు. లోపల టీ ట్రే అంత తెర ఉంటుంది. సీటు బెల్టు పెట్టుకోకపోతే గంట కొడుతుంది, పెట్టుకున్నా కొడుతుంది.

బండి వచ్చి వారమైంది. పదిరోజులైంది. రెక్స్ దాన్ని లెన్ దగ్గరికి తీసుకురాలేదు. శనివారం గాలి సాకు చెప్పి చేపలకి కూడా రానన్నాడు.

"వాడు కూడా అటు పోతాడే" అన్నాడు లెన్ రాత్రి భోజనం దగ్గర.

"పోతే పోనియ్. బండి వాడిది" అంది గ్లెనిస్.

"వాడూ పోతే ఇంక నేనెందుకే? షెడ్డుకి తాళం వేసి ఆ కుక్కతో పాటు నేనూ వెళ్ళి పాస్టీ అంచుల కోసం కూర్చుంటా."

"కూర్చో. కనీసం ఎవరితోనైనా మాట్లాడతావు" అందావిడ.

మంగళవారం పొద్దున జరగనే జరిగింది. కెర్రిన్ గేటులోంచి రెక్స్ నడుచుకుంటూ బయటికి వచ్చాడు. బండి లేదు, మనిషే. చేతిలో ఏవో కాగితాలు. లెన్ కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.  భార్యని ఇంకొకడితో చూసినా అంత మండేది కాదేమో! రెక్స్ మూల తిరిగే దాకా ఆగి ఫోను చేశాడు.

"ఏరా, కొత్త బండికి ప్లగ్గు పెట్టుకోవా? పడవని భుజాన మోసుకెళ్తావా?"

అవతల కాగితాల చప్పుడు. "పెట్టుకోవాలిరా."

"మరి ఎప్పుడు తెస్తావు?"

కాగితం మడిచిన చప్పుడు. తర్వాత రెక్స్ అన్నాడు, "గురువారం తెస్తాలే. నువ్వే చెయ్యి."

నువ్వే చెయ్యి! లెన్ ఫోను పెట్టేసి ఈల వేశాడు. ఎదురు షెడ్డు ముందు ఆరు బండ్లున్నాయి, ఉండనీ. వెంటనే అడిలైడ్‌లో సామాన్లు అమ్మేవాడికి ఫోను కొట్టి బండి పేరు చెప్పాడు.

"దీనికి రెండున్నాయండీ" అన్నాడు అమ్మేవాడు. "ఒకటి ఆ బండికే చేసిన కిట్టు. పెట్టాక కోడింగ్ చెయ్యాలి. రెండోది ఏ బండికైనా సరిపోయేది, రిలే డబ్బాతో వస్తుంది. నా మాట విని మొదటిది తీసుకోండి. రెండోది పెడితే లైట్లు వెలుగుతాయి. కానీ వెనకాల ట్రైలరుందని బండికి తెలీదు."

"తెలీకపోతే ఏం మునిగిపోయింది?"

"వెనక సెన్సర్లు ఊరుకోవండీ. అయినా కోడింగ్ మీకేం కష్టం? మీ ఊళ్ళోనే, మీ వీధిలోనే కెర్రిన్ అని ఒకామె..."

"రెండోది పంపించు" అన్నాడు లెన్.

నేను ఎవర్నీ తప్పు పట్టను గాని, ఆ క్షణాన లెన్ నోటితో పలికింది లెన్ కాదు, వాడి కుళ్ళు. ఏది సరైనదో వాడికి తెలుసు. చెప్పినవాడూ చెప్పాడు. రెక్స్ బండి ఆ గేటులో అడుగు పెట్టకూడదు, అంతే, మిగతాదేమైనా కానీ!

గురువారం పని చేశాడు. పని మాత్రం ముచ్చటగా చేశాడు, ఆ మాట చెప్పుకోవాలి. లోపలి పలకలు ఊడదీస్తే ఒక్క క్లిప్పు విరగలేదు, వైర్లు దువ్విన జడలా పేర్చాడు. చివర తన బల్బుల బల్ల తెచ్చి ప్లగ్గుకి తగిలించాడు. చెక్క మీద ఏడు బల్బులు బిగించిన ఆ బల్ల అతను పని నేర్చుకునే రోజుల్లో చేసుకున్నది. బ్రేకు, కుడి, ఎడమ, అన్నీ వెలిగాయి.

"ఈ కొత్తదానికి ఇది సరిపోతుందంటావా?" అన్నాడు రెక్స్, తెర వంక చూస్తూ.

"లైట్లు వెలుగుతున్నాయా లేదా?"

"వెలుగుతున్నాయి."

"మరింకేం కావాలి నీకు?"

రెక్స్ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, "ఏమీ వద్దులే" అన్నాడు.

శనివారం పొద్దున ఏడింటికి పడవలు దింపే చోట పెద్ద వరస ఉంది. ఒడ్డున గోడ మీద రోజూ కూర్చునే ముసలాళ్ళు ఫ్లాస్కులతో సహా హాజరు. వాళ్ళు చేపలు పట్టరు, పట్టేవాళ్ళ అవస్థలు చూడ్డానికి వస్తారు. రెక్స్ వంతు వచ్చింది. లెన్ దిగి, అలవాటు ప్రకారం ప్లగ్గు పీకి, "రానీ, రానీ" అని చెయ్యి ఊపాడు. రెక్స్ వెనక్కి పోనిచ్చాడు.

రెండడుగులు వచ్చి బండి దానంతటదే ధబ్బున ఆగిపోయింది. పడవ ట్రైలరు మీద ఎగిరిపడింది. లోపల తెర కీచుమని అరిచింది. రెక్స్ మళ్ళీ పోనిచ్చాడు. మళ్ళీ ధబ్బు. బండి వెనక్కి చూసుకుంటోంది, ఏదో పెద్ద వస్తువు మీద పడబోతున్నాననుకుని బ్రేకు వేసుకుంటోంది. ఆ పెద్ద వస్తువు రెక్స్ పడవే. అది తనదేనని దానికి చెప్పినవాడు లేడు.

"ఏం రెక్స్, పడవకి ఈత రాదా?" అన్నాడు గోడ మీద ఒకడు.

"త్వరగా కానియ్యవయ్యా, చేపలు ముసలివైపోతున్నాయి!" అన్నాడు వరసలోంచి ఇంకొకడు.

నాలుగోసారికి పడవలోంచి బకెట్టు ఎగిరి లెన్ కాళ్ళ దగ్గర పడింది. అందరూ ఘొల్లుమన్నారు. లెన్ బకెట్టు వంక చూస్తూ నిలబడ్డాడు. ఏం జరుగుతోందో ఆ జనంలో అతనికొక్కడికే అర్థమైంది. కాదు, ఇద్దరికి. రెండు బండ్ల వెనకనుంచి కెర్రిన్ దిగి వచ్చింది.

"గుడ్ మార్నింగ్, బాస్" అంది. లెన్ వంగి బకెట్టు తీసుకున్నాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి తెర మీద రెండుచోట్ల నొక్కి, "ఇప్పుడు పోనియ్ రెక్స్, ఈ ఒక్కసారికి గొడవ చెయ్యదు" అంది. బండి గొర్రెపిల్లలా నీళ్ళదాకా దిగింది. గోడ మీదవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె ఒక్క మాట కూడా అనకుండా తన బండెక్కింది. అంటే బాగుండేది. దెప్పితే బాగుండేది. నోరు మూసుకుని వెళ్ళిపోయేసరికి లెన్‌కి తల తీసేసినట్టయింది.

అంతలో రెక్స్ కిటికీలోంచి తల బయటపెట్టి అందరికీ వినపడేలా అరిచాడు. "బండిదే తప్పు! వైరింగు లెన్ చేశాడు, దానికి తిరుగు లేదు. సోమవారం దీన్ని తీసుకెళ్ళి అమ్మినవాడి మొహాన కొడతా!"

పుండు మీద కారం చల్లినట్టయింది లెన్‌కి.

పడవ తీరానికి దూరంగా వెళ్ళింది. ఇంజను ఆపి గాలాలు వేశారు. రెక్స్ పాస్టీ విప్పి సగం ఇచ్చాడు. లెన్ దాన్ని పట్టుకుని కూర్చున్నాడు గాని నోట్లో పెట్టలేదు. ఊరుకుంటే సరిపోతుంది. సోమవారం రెక్స్ అమ్మినవాడితో దెబ్బలాడతాడు, వాళ్ళేదో చేస్తారు, తన పేరు బయటికి రాదు. గాలం లాగుతుంటే కూడా లాగలేదు.

"బండిని అమ్మినవాడి దగ్గరికి తీసుకెళ్ళకు" అన్నాడు ఆఖరికి.

"ఏం?"

"తప్పు బండిది కాదురా. నాది. దీనికి వేరే కిట్టు ఉంది. అదే పెట్టాలని నాకు తెలుసు. దానికి కోడింగ్ కావాలి, అంటే ఆ పిల్ల దగ్గరికెళ్ళాలి. వెళ్ళలేక... నీ కొత్త బండికి పనికిరానిది తగిలించాను. నా కుళ్ళుకొద్దీ చేశాను."

రెక్స్ పాస్టీ నమిలి మింగాడు. "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మంగళవారమే కెర్రిన్ అంతా చెప్పింది. కాగితం మీద రాసి కూడా ఇచ్చింది, ఏ కిట్టు కావాలో."

లెన్ చేతిలో పాస్టీ పక్కన పెట్టాడు. "మరి... మరి నా దగ్గరికెందుకు తెచ్చావురా, తెలిసి తెలిసి?"

"నువ్వు ఫోన్ చేశావుగా." రెక్స్ నీళ్ళలోకి చూస్తూ అన్నాడు. "ఆ కుర్చీలో కూర్చుని రోజూ లెక్కపెడతావు. ఆ లెక్కలో నా బండి కూడా చూస్తావని అనుకుంటే నావల్ల కాలేదు. అప్పుడప్పుడూ బ్రేకు పడితే పడనీ అనుకున్నా. మరీ ఇలా నాలుగుసార్లు ఎగరేస్తుందనుకోలేదు గాని."

"అంటే నా మీద జాలి పడ్డావన్నమాట!" లెన్ గొంతు పెరిగింది.

"పడ్డాను. పడితే ఏంటట? మా ఆవిడ పోయినప్పుడు ఆరు నెలలు రోజూ మా ఇంటికొచ్చి ఫ్యూజు చూడాలన్నావు. ఏ ఇంట్లోనైనా రోజూ ఫ్యూజు పోతుందట్రా? నేనేమన్నా అడిగానా నిన్ను?" అని రెక్స్ గాలం వైపు చెయ్యి చూపించాడు. "ముందు అది లాగు, చేప పోతోంది."

సోమవారం పొద్దున రెక్స్ బండిని లెన్ తనే నడిపాడు. తన షెడ్డునుంచి ఎదురు షెడ్డుకి గట్టిగా ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగులూ వీధంతా చూసింది. కుక్క ముందే వెళ్ళి అక్కడ కూర్చుని ఉంది.

"కెర్రిన్" అన్నాడు దిగి. నాలుగేళ్ళలో ఆ పేరు ఆమె ఎదుట పలకడం అదే మొదటిసారి. "ఈ బండికి కిట్టు తెప్పించాలి."

ఆమె అలమరలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. పైన మందపాటి పెన్నుతో "బాస్" అని రాసి ఉంది. "రెక్స్ వచ్చిన రోజే తెప్పించా. మీరొచ్చి అడుగుతారేమోనని."

"నేనడగలేదుగా."

"ఇప్పుడు అడిగారుగా. లోపలి పలకలు మీరు తియ్యండి బాస్, నేను తీస్తే రెండు క్లిప్పులైనా విరుగుతాయి. కంప్యూటరు పని నేను చూస్తా."

తను పెట్టిందంతా లెన్ తనే ఊడదీశాడు. కొత్తది బిగించాడు. ఆమె వేళ్ళు కంప్యూటరు మీటల మీద ఆడుతుంటే పక్కన నిలబడి చూశాడు. ఆ వేగం చూస్తే మళ్ళీ లోపల చురుక్కుమంది. అబద్ధం చెప్పడమెందుకు, కుళ్ళు ఒక్క రోజులో పోయేది కాదు.

"ట్రైలరు తగిలించినట్టు చేసి చూడాలి. మీ బల్బుల బల్ల తెస్తారా?" అంది ఆమె. "నేనూ ఒకటి చేసుకున్నా గాని అది మీదానిలా పలకదు."

లెన్ వీధి దాటి వెళ్ళి బల్ల తెచ్చాడు. ప్లగ్గు పెట్టగానే తెర మీద బండి బొమ్మ వెనక చిన్న ట్రైలరు బొమ్మ వచ్చింది.

"ఇంకొకటి, బాస్." కెర్రిన్ కాస్త తటపటాయించింది. "పడవ దింపేటప్పుడు ఈ బండికి ప్లగ్గు పీకొద్దు. పీకారంటే ట్రైలరు లేదనుకుని మళ్ళీ బ్రేకులు వేసుకుంటుంది. రెక్స్ ట్రైలరుకి కొత్తరకం లైట్లే కదా, వాటిలోకి నీళ్ళు పోవు."

అంటే తన షెడ్డు గోడ మీద రాయించిన మాట కూడా పోయిందన్నమాట! లెన్ చివాలున వీధి అవతలికి తిరిగాడు, తన ఎర్ర అక్షరాల కోసం. వాటికన్నా ముందు కిటికీ కనిపించింది. కిటికీలో కుర్చీ కనిపించింది. కుర్చీ మీద గ్లెనిస్ కుట్టిన దిండు, గట్టు మీద పొద్దున వదిలేసిన టీ కప్పు, అన్నీ చెయ్యి చాస్తే అందేలా ఉన్నాయి.

"ఇక్కడికి అదంతా కనిపిస్తుందా?" అన్నాడు.

"కనిపించకేం? మీరు కూర్చోగానే నేను చెయ్యి ఊపుతా కదా రోజూ."

"అది... నాకా?"

"మీక్కాక ఇంకెవరికి బాస్? పొద్దున ఏడింటికి వీధిలో ఇంకెవరుంటారు?"

 లెన్ గుడ్డ తీసుకుని చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత అలవాటు చొప్పున ముంగిట్లో బండ్లు లెక్కపెట్టాడు. ఎనిమిదున్నాయి. ఎనిమిదోది తను తెచ్చిందే.